తుడిస్తే ఒట్టు

మా మామగారికి తుడవడం గిట్టదు. దుమ్ము తుడిచినా, తుప్పు తుడిచినా, ఆఖరికి ఎదుటివాళ్లు కళ్లద్దాలు తుడుచుకున్నా ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది. ఎక్కడ మరక కనిపించినా చెయ్యి ఊరుకోని నేను ఏరికోరి ఆ ఇంటికే కోడలిగా వచ్చాను. పోయిన జన్మలో ఎవరి గోడకు బురద పూశానో!

ఈ జబ్బుకి కారణం పాత ఎయిర్ పిస్టళ్లు. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుళ్లు పేల్చే ఆ పిస్టల్ ఏ కాలానిదో, ఏ కార్ఖానాదో, ఎంత చేస్తుందో చెప్పడంలోనూ, మూలపడితే బాగుచెయ్యడంలోనూ మామగారిది అందెవేసిన చెయ్యి. ఎక్కడెక్కడివాళ్లో గుడ్డలో చుట్టుకుని తెస్తారు. ఆయన పనిచేసేది మా భోజనాల బల్ల మీద. మేం తినేది వంటింటి గట్టు మీద.

"మామయ్యగారూ, బల్ల మీద ఆ నూనె మరక..."

"ముట్టుకోకు! దాని చుట్టూ మరలు వరసగా పెట్టాను."

"మరలు తీశాక తుడవనా?"

"తుడిస్తే ఏ మర ఎక్కడిదో నాకెలా తెలుస్తుంది?"

ఆ మరక మా పెళ్లికన్నా రెండేళ్లు పెద్దది.

ఆయన సిద్ధాంతం ఏమిటంటే, పాత పిస్టల్ విలువంతా కార్ఖానాలో వేసిన నీలిపూతలోనూ, కొట్టిన ముద్రలోనూ ఉంటుంది. చేతులు పడి, చెమట పడి వచ్చిన మచ్చలు దాని జాతకం. మెరిపిద్దామని ఉప్పుకాగితంతో గీకారో, జాతకం చింపేసినట్టే. "పాతదాన్ని కొత్తగా చెయ్యడానికి ఒక పూట చాలు. మళ్లీ పాతగా చెయ్యడానికి అరవై ఏళ్లు కావాలి," అంటారు. ఆయన మాత్రం పక్షి ఈకతో ఒక్క చుక్క నూనె రాస్తారు. దాన్ని తుడవడం అనకూడదట. పలకరించడం అనాలట.

ఆ సిద్ధాంతం పిస్టళ్లతో ఆగితే నేనెందుకు మాట్లాడతాను? వంటింట్లో గిన్నె తోముతున్నా హాల్లోంచి "మెల్లిగా!" అని కేక వినిపిస్తుంది.

ఒకసారి ఒక లాయరుగారు వచ్చారు. సంచిలోంచి పిస్టల్ తీస్తూ, అలవాటుకొద్దీ జేబురుమాలుతో ఒక్క రుద్దు రుద్దారు.

"ఆపండి!"

ఆ కేకకి నా చేతిలో టీ కప్పు సాసరు వదిలి లేచింది.

"దుమ్మండీ..." అన్నారు లాయరుగారు.

"మీ కోర్టులో సాక్షి నోరు కూడా ఇలాగే నొక్కేస్తారా?"

లాయరుగారు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాదించకుండా కూర్చున్నారు. ఆయన ఫీజు ఎంతో తెలిసిన మా ఆయన మాత్రం సిగ్గుతో చచ్చిపోయారు.

పోయిన వానాకాలంలో ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడా, భర్తా ముప్పై ఏళ్లు ఎగ్జిబిషన్లలో బెలూన్లు పేల్చే దుకాణం నడిపారట. భర్త పోయాడు. ఆయన పిస్టల్ అమ్మితే ఎంత వస్తుందో కనుక్కుందామని వచ్చింది. గుడ్డ విప్పగానే గది వెలిగిపోయింది. పిస్టల్ అద్దంలా ఉంది. ముఖం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు.

"మీరు పెద్ద పనివారని విన్నాను బాబూ. మురికిగా తెస్తే ఏం బాగుంటుందని, మూడురోజులు కూర్చుని ఉప్పుకాగితంతో తోమాను," అంది.

నీలిపూత ఆనవాలైనా లేదు. ముద్ర తాలూకు అక్షరాలు కూడా అరిగిపోయాయి. నేను టీ కప్పులు దూరంగా జరిపి, పిడుగు కోసం చెవులు సిద్ధం చేసుకున్నాను.

పిడుగు పడలేదు.

"ఎంత ఓపికమ్మా మీకు!" అన్నారు మామగారు.

ఆరేళ్లలో నన్ను ఒక్కసారి ఆ మాట అన్న పాపాన పోలేదు.

ఆయన ముక్కు మీదికి కళ్లద్దాలు జార్చుకుని పిడికి బిగించిన చెక్కని మరలు విప్పి తీశారు. ఉప్పుకాగితం చేరని చోటు అదొక్కటే. కింద ఇనుము ఇంకా నీలంగా ఉంది. చెక్క లోపలివైపు పెన్సిల్‌తో రెండు వరసల గీతలు. ఒకదాని మీద 'నేను' అని, రెండోదాని మీద 'ఆవిడ' అని రాసి ఉంది. 'ఆవిడ' కింద గీతలు చోటు చాలక అంచుదాకా పాకాయి.

ముసలావిడ ఆ చెక్కని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. కాసేపటికి ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని నేను లేవబోయాను. నవ్వుతోంది!

"రోజూ దుకాణం మూశాక గురి పందెం వేసుకునేవాళ్లం బాబూ. ఎవరెన్ని గెలిచారని అడిగితే, ఏమో, ఇద్దరం సమానమేగా అనేవాడు. దొంగమనిషి! అన్నీ రాసి దాచుకున్నాడు!"

"బజార్లో దీనికి పెద్దగా రాదమ్మా," అన్నారు మామగారు. "ఈ చెక్కకి ధర కట్టడం మాత్రం నాకు చేతకాదు."

"ఇంక అమ్ముతానా ఏమిటి!"

"అయితే ఇక్కడ వదిలి వెళ్లండి. లోపల తోలు వాషరు ఎండిపోయింది, గాలి నిలవట్లేదు. మార్చి ఇస్తాను."

ఆవిడ గడప దాటగానే నేను అందుకున్నాను. "నేను గుడ్డ పట్టుకుంటేనే ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. ఆవిడ మొత్తం గీకేసి తెస్తే ఓపిక అని మెచ్చుకుంటారా?"

"నువ్వింకా తుడవలేదు కదమ్మా," అన్నారు ఆయన, చాలా మామూలుగా. "తుడవకముందు అరిస్తే వస్తువు మిగులుతుంది. తుడిచేశాక అరిస్తే ఏం మిగులుతుంది? మనిషి ఏడుపేగా?"

ఇంకా పోట్లాడదామనే చూశాను. చివరికి గుడ్డ తీసుకెళ్లి కొక్కేనికి తగిలించాను.

వాషరు మార్చాక, ఆవిడ తీసుకెళ్లడానికి వచ్చినరోజు, సరిగ్గా పేలుతోందో లేదో చూడ్డానికి పెరట్లో గోడకి అట్ట కట్టారు. ముసలావిడ కొట్టిన ఐదు గుళ్లూ నడిమధ్యనే పడ్డాయి. మామగారివి ఒకటి అట్టకి తగిలింది, రెండు గోడకి తగిలాయి, మిగతా రెండూ ఇప్పటిదాకా దొరకలేదు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆవిడ వస్తుంది, గెలుస్తుంది, రెండు కప్పుల టీ తాగి వెళ్తుంది. పెరడంతా గుళ్లు ఏరే పని నాది.

"ఇవాళ కూడా ఓడిపోయారా మామయ్యగారూ?" అన్నాను మొన్న, చీపురు పట్టుకుని.

"నా చేతిది కాదమ్మా తప్పు," అన్నారు. "ఎంతైనా గాలి పిస్టల్ కదా. ఆదివారం పూట గాలి ఆవిడ మాటే వింటోంది."