దమ్మాం చేరిన బీము ఆర్డరు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు నేను సిరిసిల్లలోని ఒక బట్టల కంపెనీలో సిస్టమ్స్ విభాగాధిపతిని. విభాగమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, నేను. అందులో ప్రింటరు నా మాట వినేది కాదు.

వ్యాపార సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్లే కాగితాలన్నీ ఇకమీదట ఈమెయిల్‌లోనే వెళ్లాలని యజమాని హుకుం. కోరుట్ల, జగిత్యాల దుకాణాలకు బిల్లులు, ఊళ్లోని ఆసాములకు పని ఆర్డర్లు. ఆసాములంటే నాలుగైదు సాంచాలు, అంటే మరమగ్గాలు, పెట్టుకుని మా నూలుతో మాకే బట్ట నేసి ఇచ్చేవాళ్లు. ఆర్డరు అందాక నూలు చుట్టిన బీము మా దగ్గర నుంచి తీసుకెళ్తేనే వాళ్ల సాంచా ఆడుతుంది.

ముందు సాఫ్ట్‌వేర్‌కు మెయిల్ సర్వర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఏ కాగితం ప్రింటరుకు, ఏది మెయిల్‌కు అని విడివిడిగా ఎంచాలి. ఆపైన ప్రతి ఖాతాలో మెయిల్ అడ్రస్ నింపాలి. సర్వర్‌తో మహాయుద్ధం చేసి ఒంటిచేత్తో గెలిచానని మనవలకు ఇప్పటికీ చెబుతుంటాను. నిజానికి మధ్యాహ్నమంతా అది నా పాస్‌వర్డ్‌ను తిప్పికొట్టింది, కీబోర్డు మీద క్యాప్స్ లాక్ వెలుగుతున్నది నేను చూసుకోనందుకు.

పనిలో పనిగా నా తెలివి కూడా కొంత కలిపాను. సాయంత్రంలోగా జవాబు రాని ఆర్డరు దానంతటదే తర్వాతి ఆసామికి వెళ్లిపోతుంది. పంపిన మెయిళ్లలో ఒక్కటీ అడ్రస్ తప్పంటూ తిరిగి రాలేదు. "చాయ్ చల్లారకముందే కాగితం చేరుతది సేటూ" అని యజమాని ముందు కోతలు కోశాను.

ఆ వారంలోనే లచ్చవ్వ వచ్చింది. నాలుగు సాంచాల ఆసామి. వాటిని నడిపే ఇద్దరు కార్మికులు పని లేక కూర్చున్నారు.

"నా బీము ఎవలకో ఇచ్చిండ్రట, ఏంది సారూ?"

"మెయిల్ పంపినమమ్మా. నువ్వే జవాబియ్యలేదు."

"ఏడికి పంపినవ్?"

"నువ్విచ్చిన అడ్రస్‌కే."

"గది మా అల్లునిది! సౌదీల, దమ్మాంల ఉంటడు. డ్యూటీల ఫోన్ ముట్టుకోనియ్యరట. మెయిలంటే శుక్కురారం సెలవు నాడే సూస్తడు. నేను గీ ఎన్క గల్లీలనే ఉన్న కద, ఒక్క కేకెయ్యకపోతివి? సముద్రం దాటిస్తివి!"

మిగతా ఖాతాలు తెరిచి ఆసాములకు ఫోన్లు చేశాను. చాలా ఇళ్లలో మెయిల్ అంటూ ఉన్నది గల్ఫ్‌కు పోయినవాడికే, వీసా కోసం చేసుకున్నది. నేను అడ్రస్ అడిగాను, వాళ్లు ఉన్నది ఇచ్చారు.

ఏం జరిగిందని యజమాని వచ్చి అడిగితే, సర్వర్ మీదికి నెట్టేయాలని నోటిదాకా వచ్చింది. లచ్చవ్వ పక్కనే నిలబడి ఉండటంతో కుదరలేదు.

ఆ పూటే నా నిబంధన తీసేశాను. దుకాణాల బిల్లులు మెయిల్‌లోనే ఉంచి, ఆసాముల ఆర్డర్లను మళ్లీ ప్రింటరుకు మళ్లించి, వెంట ఒక ఫోను తప్పనిసరి చేశాను. లచ్చవ్వ బీము అప్పటికే వేరేవాళ్ల సాంచా మీదికి ఎక్కింది, దించడానికి వీల్లేదు. ఇంకో బీము తయారై ఆమెకు చేరేలోపు ఇద్దరు కార్మికుల్లో ఒకడు వేరే షెడ్డులో కుదిరిపోయాడు.

మెయిల్ వెళ్లిందని సాఫ్ట్‌వేర్ చెబితే, అది మన గడప దాటిందని మాత్రమే అర్థం. అడ్రస్ నింపేముందు, దాన్ని తెరిచేదెవరు, ఎప్పుడు అని అడగాలి. నేను అడగలేదు. లచ్చవ్వ సాంచాల్లో రెండు ఆ నెలంతా ఆడలేదు.