వరండాలో యుద్ధం పెట్టె

ఆ రోజుల్లో భయపడటం కూడా ఇంటిపనిలో ఒక భాగంగా ఉండేది. ఖరగ్‌పూర్‌లో సైరన్ పరీక్షకు మోగించినా మా అత్తగారు పొయ్యి మీది పప్పు దించేసి దేవుణ్ణి తలుచుకునేవారు. యుద్ధం రోజులు, కిటికీలకు నల్లకాగితాలు. నాకు పద్దెనిమిదేళ్లు, శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి రైల్వేవాళ్ల ట్రాఫిక్ కాలనీకి కాపరానికొచ్చి రెండు నెలలు.

సైరన్ మోగితే పట్టుకుని పరిగెత్తడానికి ఒక పెట్టె సర్దమన్నారు అత్తగారు. మామగారు గూడ్స్ గార్డు. ఆయన ఒకప్పుడు జెండాలు, లాంతరు పెట్టుకెళ్లిన పాత డ్యూటీ పెట్టె అటక మీద నుంచి దించి అటుకులు, బెల్లం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, దూది, టించరు, ఆవకాయ సర్దాను (ఆవకాయ లేకుండా ప్రాణాలు దక్కించుకుని ఏం లాభమని ఆవిడ వాదన). అటుకుల డబ్బా అడుగున తన కాసులపేరు పసుపుగుడ్డలో మూటకట్టి పెట్టి, ఇక నీదే పూచీ అన్నారు. చేతికందేలా వరండాలో ఉంచమన్నారు. అక్కడున్న మామగారి కొత్త డ్యూటీ పెట్టె అడ్డమనిపించి లోపలికి జరిపాను. ఇల్లు చక్కదిద్దానని నాకు గర్వం కూడాను.

రైల్వే ఇళ్లలో ఒక పద్ధతుందని నాకు తెలియదు. గార్డు సైకిలు మీద ముందు వెళ్లిపోతాడు. తర్వాత పెట్టెలు మోసే మనిషి వచ్చి వరండాలో ఉన్నదాన్ని ఎవరినీ అడక్కుండా బండి దగ్గరికి తీసుకుపోతాడు. రెండు పెట్టెలూ నల్లరంగువే, రెండింటి మీదా తెల్లక్షరాల్లో మామగారి పేరే. మర్నాడు పొద్దున పెరట్లో బట్టలారేసి వచ్చేసరికి వరండా ఖాళీ.

అత్తగారు గుమ్మంలో చతికిలబడ్డారు. పుట్టింటికి పంపించేస్తారని నిశ్చయించుకుని మనసులోనే చీరలు మడతపెట్టేశాను. గంట తర్వాత పెట్టెల మనిషి చెమటలు కక్కుతూ వచ్చి పెట్టె దించాడు.

"గార్డుబాబు జెండా కోసం సెయ్యెడితే ఆవకాయ తగిలినాదమ్మా. బండి ఆగిపోనాది, అసలు పెట్టి బేగి ఇయ్యండి," అన్నాడు.

అసలు పెట్టెతో అతను అలా వెళ్లగానే అత్తగారు అటుకులన్నీ చాప మీద కుమ్మరించారు. పసుపుగుడ్డ వేసిన ముడి వేసినట్టే ఉంది. పోయిన ప్రాణం లేచొచ్చింది. అంతసేపూ బిగబట్టుకున్నదాన్ని అప్పుడు భోరుమన్నాను. ఆవిడ నన్ను దగ్గరకు లాక్కుని చెవిలో అన్నారు:

"వరండాలో ఎట్టమన్నది నానే గదే. ఇరవయ్యేళ్లుగా ఈ పెట్టిలు పంపుతున్నదాన్ని, నాకు తెల్దేటి? మీ మావకి సెప్పకు."

రెండ్రోజులకు డ్యూటీ దిగొచ్చిన మామగారు అడిగితే తప్పు నాదేనన్నాను. ఆవిడ నా కంచంలో ఇంకో గరిటె నెయ్యి వేశారు. మామగారు కడదాకా నన్నే వెక్కిరించారు, నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల ఇప్పుడు కనిపిస్తే, ఏడవకే పిచ్చిదానా, ఇవాళ్టితో ఇది నీ ఇల్లయిపోయింది అని చెప్పాలనిపిస్తుంది.