కవ్వం వాసన పోయేదాకా

మాస్టరు పోయాడని నాకు చెప్పింది గేటు దగ్గరి వాచ్‌మన్. సోమవారం పొద్దున ట్రాలీ ఆటోలో ఖాళీ డ్రమ్ములు వేసుకుని ఎప్పటిలాగే వెళ్ళాను. గేటు తీస్తూనే అతను, "బాపూ, మాస్టర్ సాబ్ నిన్న సాయంత్రం పోయిండు. పొద్దుగాల వచ్చి బీరు కాచిండు. ఇంటికి పోయి అన్నం తిని కుర్చీల కూసున్నడంట. కూసున్నోడు కూసున్నట్టే..." అన్నాడు. లోపలికి పోయి చూశాను. నాలుగు డ్రమ్ముల్లో బార్లీ పిప్పి నింపి, పైన గోనెపట్టాలు కప్పి ఉంది. ఆయన చేతులతో కప్పినవే. ఒకదాంట్లో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. పైన చల్లబడింది గానీ అడుగున ఇంకా వెచ్చగానే ఉంది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. అట్లాగే చాలాసేపు నిలబడ్డాను.

మాస్టరంటే బడి పంతులు కాదు. ఇప్పుడు పట్నంలో చిన్న చిన్న బీరు కార్ఖానాలు వచ్చాయి కదా, హోటల్లోనే స్టీలు ట్యాంకులు పెట్టి అక్కడే కాచి అక్కడే పోస్తారు. గచ్చిబౌలి వైపు అలాంటి ఒకదాంట్లో బీరు కాచే పెద్దమనిషి ఆయన. అంతకు ముందు సీసాల బీరు చేసే పెద్ద కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. అందరూ మాస్టర్ అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను. నాది చార్మినార్‌కు కూతవేటు దూరం. తాతల నాటి నుంచి బర్రెల మీద బతుకుతున్నవాళ్ళం. చదువు నాలుగో తరగతితో ఆగింది. ఈ నాలుగు ముక్కలూ కూడబలుక్కుని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి, సర్దుకోకపోయినా నాకేమీ ఇబ్బంది లేదు.

ఏడేళ్ళ కింద ఒక ఏడు పచ్చిగడ్డి దొరక్క సతమతమయ్యాను. బీరు కాచే చోట బార్లీ సారం నీళ్ళలోకి దిగిపోయాక మిగిలిన పిప్పిని పారేస్తారని, అది పెడితే బర్రెలు బాగా పాలిస్తాయని ఎవరో చెప్పారు. నమ్మలేదు, అయినా పోయాను. బయటికొచ్చిన మాస్టరుతో, తాగుబోతుల ఎంగిలి తింటే నా బర్రెలు తూలిపడవు కదా అని అడిగాను. ఆయన నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. డ్రమ్ములోంచి చిటికెడు పిప్పి తీసి నోట్లో వేసుకుని నమిలి మింగాడు.

"ఇందుల నిషా ఉండదన్నా. నిషా తర్వాత వస్తది, వేరే దాంట్ల. పశువు నోరులేనిది. నేను తినంది దానికెట్ల పెడత?" అన్నాడు.

ఆ రోజు నుంచి పోయేదాకా ప్రతి డ్రమ్మూ అట్లాగే చిటికెడు తిన్నాకే నాకిచ్చాడు. నేను ఊరికే తీసుకునే రకం కాదు. వెళ్ళినప్పుడల్లా ఒక చెంబెడు చిక్కటి పాలు తీసుకుపోయేవాణ్ణి. ఆ పాలతో ఆయనే చాయ్ పెట్టేవాడు. ట్యాంకుల మధ్య రెండు స్టూళ్ళేసుకుని తాగేవాళ్ళం.

బీరు మాత్రం చాలా రోజులు ముట్టలేదు. నాకు తెలిసింది ఈత కల్లు. ఒకనాడు బలవంతం చేసి చిన్న గ్లాసులో పోశాడు. తాగి, "మలక్‌పేటల ఉంటవ్ గదా మాస్టర్, రేసుకోర్సు గుర్రాలు నీ ట్యాంకుల గిట్ట ఉచ్చ పోసినయా ఏంది?" అన్నాను. పనివాళ్ళు బిత్తరపోయారు. ఆయన పగలబడి నవ్వాడు. ఇల్లు మలక్‌పేటలోనే, రేసుకోర్సు వెనక. ఆ తర్వాత ప్రతిసారీ కొత్త బీరు నా ముందు పెట్టి, "అన్నా, గీసారి ఏ గుర్రం?" అని అడిగేవాడు.

ఆయనే నన్ను మొదటిసారి బీరు పండగకు తీసుకుపోయాడు. చలికాలంలో ఒక మైదానంలో పెడతారు. పట్నంలోని బీరు కాచేవాళ్ళందరూ తమ తమ సరుకు తెచ్చి డేరాలు వేస్తారు. ధోతీ, తలకు రుమాలుతో వెళ్ళింది నేనొక్కణ్ణే. మొదట సిగ్గనిపించింది, తర్వాత వాళ్ళే నిక్కర్లు వేసుకొచ్చారు కదా అనిపించి సిగ్గు పోయింది. రెండు గుక్కల గ్లాసు ఒకటి చేతికిస్తారు. దాన్ని పట్టుకుని డేరా డేరా తిరగడమే. ఒకటి గంజిలా మబ్బుగా, గోధుమలతో చేసింది. ఒకటి కాఫీ డికాక్షన్‌లా నల్లగా. ఒకదాంట్లో మామిడిపండు. ఒకాయన జొన్నలతో చేశాడు, అది నాకు అన్నిటికన్నా నచ్చింది, మా అమ్మ కాల్చిన రొట్టె మాడులా ఉంది. పక్కన కబాబులు కాలుస్తున్నాడు మా బస్తీ మనిషే, నన్ను చూసి, "క్యా పహిల్వాన్, ఆప్ భీ?" అని నోరెళ్ళబెట్టాడు. నేను గ్లాసున్నర దాటను. ఆ రోజూ దాటలేదు. కానీ తాగని ఆనందం కూడా ఒకటుందని ఆ మైదానంలో తెలిసింది. అందరూ ఒకరి గ్లాసు ఒకరికి చూపించుకుంటూ, ఇది చూడు ఇది చూడు అనుకుంటున్నారు. ఒకరి డేరాలో బీరు ఇంకొకరి డేరాలో మెచ్చుకుంటున్నారు. మా పాల వ్యాపారంలో అది చస్తే చూడం.

మాస్టరు మాత్రం మెప్పును నమ్మేవాడు కాదు. "గ్లాసు ఖాళీ అయితే మెచ్చుకున్నట్టన్నా. నోటితోని మెచ్చుకుంటే జర అనుమానించాలె" అనేవాడు. ఇంకొక మాట కూడా తరచూ అనేవాడు: "మొదటి గుక్క నోటిది కాదు, ముక్కుది."

ఆ మాట అన్న మనిషికే ముక్కు పోయింది.

ఒక ఎండాకాలం ఆయనకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. మళ్ళీ పనిలోకి వచ్చాడు. జేబులో లవంగాలు పెట్టుకోవడం అప్పుడే మొదలైంది. మాటిమాటికీ తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. పంటి నొప్పేమో అనుకున్నాను. ఆ ఏటి పండగకు తన డేరాలో పెట్టిన బీరు నా చేతికిచ్చాడు. చుట్టూ పదిహేను మంది ఉన్నారు. ఒక పిల్ల, వెన్న కలిపారా సార్, చాలా కొత్తగా ఉంది అని పొగుడుతోంది. నేను వాసన చూశాను. మజ్జిగ చిలికాక కడగకుండా పక్కన పెట్టిన కవ్వం ఉంటుందే, ఆ వాసన. నా నోటికి తలుపు లేదు. "మాస్టర్, నీ బీరు కవ్వం వాసన కొడ్తున్నది" అన్నాను అందరి ముందే. జనం నవ్వారు. పక్క డేరా ఆయన వచ్చి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని తల దించుకున్నాడు.

మాస్టరు ఇంకెవరికీ పొయ్యలేదు. తనే పైపు కట్టేసి, డేరా తెర దించేశాడు. నేను వెనకాలే పోయాను. ఖాళీ డబ్బాల మీద కూర్చుని జేబులోంచి లవంగం తీసి నలిపి నాకు చూపించాడు.

"ఎనిమిది నెలలైందన్నా. దీని వాసన తెల్వది. సబ్బు వాసన తెల్వది. మా ఇంటామె చేసే కూర వాసన తెల్వది. లెక్క మీద, అలవాటు మీద కాస్తున్న. కార్ఖానా సేటుకు తెలిస్తే నా పని అయిపోయినట్టే. నాకు గిదొక్కటే వచ్చు."

పనివాళ్ళకు ఆ వాసన ముందే తెలుసట. ఇన్నేళ్ళ చెయ్యి తిరిగిన మనిషి కావాలనే అట్లా చేశాడనుకున్నారు. తప్పు అని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నేను నలుగురిలో పరువు తీశానని అప్పుడు అర్థమైంది. నా జీవితంలో ఎవరినీ మాఫీ అడగలేదు, ఆ రోజు అడగబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వొక్కనివే చెప్పినవ్. ఇగ సంది నీ ముక్కు నాకియ్యి."

ఇచ్చాను. పిప్పి కోసం వెళ్ళిన ప్రతిసారీ, చాయ్ తాగేటప్పుడు, ట్యాంకులోంచి కొంచెం తీసి నా ముందు పెట్టేవాడు. నాకు వాళ్ళ ఇంగ్లీషు పేర్లు రావు. తడి గోనె, పచ్చి చొప్ప, పులిసిన కుడితి, రొట్టె మాడు, ఇట్లా నాకు తెలిసినవి చెప్పేవాణ్ణి. ఆయన నోటుబుక్కులో తన మాటల పక్కన నా మాటలు రాసుకునేవాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు. కవ్వం సంగతి ఆయనే నేర్పాడు. ఈస్టు బార్లీ నీళ్ళను పులియబెడుతూ మధ్యలో ఆ వాసన పుట్టిస్తుందట. తొందరపడి చల్లబెడితే అది బీరులోనే ఉండిపోతుంది. రెండు మూడు రోజులు వెచ్చగా వదిలేస్తే, పుట్టించిన ఈస్టే దాన్ని మళ్ళీ తినేస్తుంది. పెరుగు తోడుకునేటప్పుడు గిన్నె కదిలించొద్దని మా అమ్మ చెప్పేది, ఇదీ అదే అనుకున్నాను.

అప్పటి నుంచి ఆయనొక పద్ధతి పెట్టాడు. బీరు కాచిన రోజే ట్యాంకు మీద సుద్దముక్కతో 'కవ్వం' అని రాసేవాడు. నేను వాసన చూసి పోయిందని చెప్పాకే ఆ మాట తన అరచేత్తో తుడిచేవాడు. ఆ మాట ఉన్నంతవరకు ఆ ట్యాంకును ఎవరూ చల్లబెట్టకూడదు. ఎందుకని అడిగే ధైర్యం పనివాళ్ళకు లేదు. కొన్నాళ్ళకు వాళ్ళు కూడా "కవ్వం పోయిందా?" అని అడగడం మొదలుపెట్టారు.

నిరుడు పండగలో ఆయన బీరు కోసం వరస కట్టారు. సాయంత్రం మైకు ఆయన చేతికిచ్చారు. రెండు మాటలు చెప్పి దిగుతాడనుకున్నాను. నా వైపు చెయ్యి చూపించాడు.

"నా ముక్కు పోయి రెండేండ్లు దాటింది. బీరు నేను కాచిన. అయ్యిందని చెప్పింది గీ అన్న. బర్రెలు కాస్తడు, పాతబస్తీ. మెచ్చుకునేదుంటే ఆయన్ని మెచ్చుకోండ్రి."

సేటు పక్కనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరడిగారు ఈయన్ని? దిగగానే, నౌకరీ పోతే ఏం చేస్తావని తిట్టాను. "పోతే పోనీ. నీ ముక్కుతోని నేను పేరు తెచ్చుకుంటుంటే అన్నం లోపలికి పోతలేదు" అన్నాడు. సేటు లేచి పైపు దగ్గరికి పోయాడు. తర్వాత ఒక గ్లాసు నింపి తెచ్చి మాస్టరుకిచ్చాడు. మాస్టరు దాన్ని నాకు అందించాడు. "ముందు ముక్కు" అన్నాడు. పాలలో నీళ్ళు కలిపానని అనుమానించేవాళ్ళను డెబ్భై ఏళ్ళుగా చూశాను. నా మాటను ముందు పెట్టి తన పరువును వెనక పెట్టిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

మంగళవారం మట్టి ఇచ్చాం. పెట్టె మూసే ముందు వాళ్ళ ఇంటామె ఆయన కోటు జేబులో నాలుగు లవంగాలు వేసింది. పాస్టరుకు అర్థం కాలేదు. మా ఇద్దరికీ తెలుసు.

ఆయన చివరి ఆదివారం కాచిన బీరు ట్యాంకులో ఉండిపోయింది. ట్యాంకు మీద ఆయన రాసిన మాట కూడా ఉంది. పదిహేనో రోజున సేటు ఫోన్ చేసి రమ్మన్నాడు. కొత్తగా వచ్చిన బీరు మనిషి చదువుకున్నవాడు, మంచివాడు. సామాను పెట్టి కొలిచాడు, పులియడం అయిపోయింది, చల్లబెట్టాలి, లేకపోతే పండగకు అందదు అంటున్నాడు. వాసన చూశాను. సన్నగా ఉంది. ఎవరికీ తెలియనంత సన్నగా. ఊకొడితే పని అయిపోయేది. కానీ అది ఆయన ఆఖరి బీరు. కవ్వం వాసనతో ఆయన పేరు మీద జనం చేతికి పోతుందా?

ఉంది, వదిలెయ్యండి అన్నాను. కొత్తాయన గడియారం చూపించాడు. సేటు ట్యాంకు మీది అక్షరాలను చూసి, "బాపు ఎట్లంటె అట్ల" అన్నాడు. మర్నాడు పోయాను, ఉంది. ఆ మర్నాడు పోయాను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తడిసిన బార్లీ, రొట్టె మాడు, అంతే. పోయింది అని చెప్పాను.

ఎవరూ కదల్లేదు. తుడిచే చెయ్యి లేదు కదా. కొత్తాయన గుడ్డ అందుకోబోయి ఆగి, నా వైపు చూశాడు. నాకు గబగబా చదవడం రాదు, కానీ ఆ ఒక్క మాటను దూరం నుంచి కూడా గుర్తుపడతాను. 'క' మీద తలకట్టు కొంచెం వంకరగా పెట్టేవాడు. ఇంకా చల్లబెట్టని స్టీలు మీద నా అరచెయ్యి ఆనించి, ఆయన తుడిచినట్టే ఒక్కసారి లాగాను.

శనివారం పండగలో ఆ బీరు పోస్తారు. అటు పోయేవాళ్ళుంటే ముందు ముక్కు పెట్టండి, తర్వాతే నోరు.

ట్యాంకు తుడిచిన రోజు చెయ్యి కడుక్కోలేదు. అట్లాగే అఫ్జల్‌గంజ్ వంతెన దాటి ఇంటికొచ్చాను. కొత్తాయన ఇచ్చిన డ్రమ్ములోంచి చిటికెడు పిప్పి తీసి నమిలి మింగి, తొట్టిలో పోశాను. పెద్ద బర్రె పిప్పి వైపు చూడలేదు. ముట్టెను నా అరచేతిలో పెట్టి, ఆ తెల్లటి సుద్దను చాలాసేపు వాసన చూస్తూ నిలబడింది.