వెర్లిన్ బండి మోసిన ఊరు

కాన్సస్‌లోని డెల్బీ అనే చిన్న ఊళ్లో వెర్లిన్ స్టబ్స్ పికప్ ట్రక్కు కొన్నది పొలం కోసం కాదు. అతను ఒంటరివాడు. వెనక సామాను పట్టే బండి ఇంటి ముందుంటే ఏదో ఒక పనికి జనం తలుపు తడతారని కొన్నాడు. నిజంగానే తట్టారు. అక్కడ ఇల్లు మారేవాళ్లు అడిగితే ట్రక్కున్నవాడు కాదనకూడదు. వాళ్లు కూలి ఇవ్వకూడదు, పిజ్జా పెట్టాలి. ఊరికి పని ఇచ్చే పిండిమిల్లు మూతపడ్డాక ఇల్లు మారడమంటే ఊరు వదలడమే అయింది. పదేళ్లలో వెర్లిన్ ఊరినంతా విచిటా నగరానికి చేరవేశాడు. చర్చి గంటను కూడా అతనే అక్కడ దించి వచ్చాడు. స్టీరింగు వదిలేసినా ఆ బండి దారి తప్పదని చెప్పుకునేవాళ్లు, చెప్పుకోడానికి మనుషులున్నంత కాలం.

చివరికి ఎదురింటి లొరెటా ఒక్కతే మిగిలింది. శనివారం ఆమె సోఫా కూడా ఎక్కించాడు.

“ఒక్కసారైనా కాదనలేకపోయావా వెర్లిన్? బండి చెడిపోయిందని అబద్ధమాడితే నీ సొమ్మేం పోయేది?”

“ట్రక్కు పెట్టుకుని రానంటే ఊళ్లో నాతో ఎవడు మాట్లాడతాడు?”

“ఇప్పుడెవడున్నాడు మాట్లాడ్డానికి? పోనీ, నువ్వూ వచ్చెయ్.”

“అక్కడ ఇంటికో ట్రక్కుంది లొరెటా. నాతో ఎవరికేం పని?”

ఆమె పిజ్జా పెట్టె అతని చేతిలో పెట్టింది. వెర్లిన్ దాన్ని ముందు సీట్లో ఉంచి, సోఫా జారిపోకుండా తాడుకు ఇంకో ముడి బిగించాడు.