పట్టీ ఉన్న చెయ్యి

సోరియాసిస్‌తో నా కుడిచేతి వెనకవైపు చర్మం పగిలి పుండ్లు పడితే, డాక్టరు మందు కలిపిన నానోఫైబర్ పట్టీ అంటించారు. సాలెగూడులా పలచని తెల్లటి పొర అది. నా జబ్బు ఎవరికీ అంటదని తెలిసినా, బస్సెక్కితే ఆ చేతిని దుపట్టా కింద దాచుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నం నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. చీర అంచుకు సిమెంటు అంటి ఉంది. చుట్టూ మరాఠీ, హిందీ మాటల మధ్య నేను ఫోనులో అమ్మతో తెలుగు మాట్లాడటం విని, తనది పాలమూరు అని చెప్పింది. ఇంతలో బస్సు కుదుపుకు దుపట్టా జారింది. పట్టీ అంచు లేచి, కింద పుండు కనిపిస్తోంది.

"ఏమైంది బిడ్డా చేతికి?"

"నూనె పడి కాలింది," అన్నాను.

"మా అక్క గూడ అందరికి గట్లనే చెప్తుండె," అంటూ ఆమె లేచిన అంచును బొటనవేలితో మెల్లగా ఒత్తింది.

తలెత్తి ఆమెను చూడలేకపోయాను. ఆ వేలిని ఆమె చీరకు తుడుచుకోలేదు. కొంగుముడి విప్పి పల్లీలు తీసింది. నేను ఎడమ చెయ్యి చాచాను.

"ఎడమ చేత్తోని తీసుకుంటరా? గా చెయ్యి పట్టు."

కుడి అరచేయి పట్టాను. నిండా పోసి, మిగిలినవి తన నోట్లో వేసుకుంది.

ఫోరస్ రోడ్‌లో దిగి, కామాటిపుర గల్లీలో నడుస్తూ ఆ పల్లీలు తిన్నాను. జబ్బు వచ్చాక నలుగురి ముందు ఆ చేత్తో తినడం అదే మొదటిసారి. మొహం మాత్రం మేముండే ఒంటిగదుల చాల్ మెట్లెక్కేదాకా, ఆమెతో అబద్ధమాడిన సిగ్గుతో మండుతూనే ఉంది.