వంకర కుట్లు

సుదర్మికి అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం కాదు. అత్తవారింట్లో అబ్బింది. మొగుడు పక్కూరి టైలరమ్మతో తిరుగుతున్న సంగతి ఊళ్లో కోళ్లకు కూడా తెలిశాక గానీ ఆమె చెవిన పడలేదు. ఆనాటి నుంచీ ఎవరు నవ్వినా, ఎందుకు నవ్వారా అని చూసేది. ఎవరు పిలిచి కాఫీ పోసినా, వీళ్లకి నాతో ఏం పని పడిందో అనుకునేది. తప్పు పట్టలేం లెండి. దెబ్బ తిన్న మనిషికి తాడు కూడా పామే.

మొగుణ్ణి వదిలేసి సిదెమెన్ లోయలో ఉన్న అన్న మస్త్రా ఇంటికి వచ్చింది. వచ్చింది సరే, ఇంటిదైపోలేదు. పెళ్లినాడు ఆడపిల్ల ఇంటి గుడి ముందు కూర్చుని, గతించిన పెద్దలకు దణ్ణం పెట్టి, ఇక సెలవు అని చెప్పేసి వెళ్తుంది. మళ్లీ పుట్టింటికి చేరితే, కొబ్బరాకుతో కుట్టిన పెజాతి అనే నైవేద్యపు బుట్టలు పెట్టి, "మీ పిల్ల తిరిగొచ్చింది, మీ లెక్కలో కలుపుకోండి" అని ఆ పెద్దలకే విన్నవించాలి. అందాకా గుడి గడప తొక్కకూడదు. మొదటి ఏడాది దాయాదుల్లో చావొచ్చి మైల. తరవాత గుడికి మరమ్మతు. ఆ తరవాత మస్త్రా ఆ మాట ఎత్తబోతే, "మీ దయాదాక్షిణ్యాలు నాకేం అక్కర్లేదు" అని సుదర్మే కసిరింది. దాంతో మాట అక్కడే ఆగిపోయింది. గలుంగన్ పండగొచ్చినా, గుడి పుట్టినరోజొచ్చినా, నైవేద్యం తట్టలన్నీ తనే కట్టి, గుడి వాకిలి దాకా మోసుకొచ్చి, అక్కడ వదిన రస్మిని చేతికి అందించి, బయటే నిలబడేది. లోపల గంట మోగుతుంటే చెప్పులకేసి చూస్తూ ఉండేది.

అలాంటి మనిషికి రిసార్టులో పని ఏమిటంటే, దేవుడి తట్టలు చేయడం నేర్పడం! వరిమళ్ల అంచున నాలుగు కుటీరాలు, ఒక ఈతకొలను, గడ్డి కప్పిన మండపం. పొద్దున్నే విదేశీ అతిథులు పంచెలు చుట్టుకుని, నడుముకట్లు బిగించుకుని మండపంలో చతికిలబడేవారు. లేత కొబ్బరాకు కోసి, వెదురు పుల్లతో కుట్టి, అందులో తమలపాకు, సున్నం, వక్క, ఆపైన పూలు పెట్టడం సుదర్మి చూపించేది. వాళ్లకి చెయ్యి తిరగకపోతే చెయ్యి పట్టుకుని మరీ కుట్టించేది. అక్కడ ఆమెకున్న ఓపిక చూస్తే, ఇంట్లో ఉండే సుదర్మి ఈవిడేనా అనిపిస్తుంది.

ఇంట్లో వరస వేరు. రస్మిని కొబ్బరాకు పట్టుకుంటే చాలు, "ఇటివ్వు, నీ వల్ల కాదు" అని లాగేసుకునేది. రస్మిని పుట్టిల్లు సముద్రం ఒడ్డున, ఉప్పు పండించేవాళ్ల ఇల్లు. వేళ్లు మొద్దు, కుట్టు వంకర. అసలు సంగతి అది కాదు. వదినకి ఈ విద్య వచ్చేస్తే ఇక ఈ ఇంట్లో తనతో ఏం పని? సుదర్మి కడుపులో ఉన్న భయం అదొక్కటే. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ, పెద్దలకు విన్నవించని ఆడపడుచు పావు మొగుడు కూడా కాదు.

ఆ మధ్య రస్మిని నడక మారింది. మధ్యాహ్నం పందులకు మేత వేసి, జుట్టు ముడేసుకుని ఎటో వెళ్లేది. వచ్చేసరికి వేళ్ల నిండా గాట్లు.

"ఏమైంది వదినా ఆ చేతికి?"

"ఉల్లిపాయలు తరుగుతుంటే తెగింది."

"పదివేళ్లతో తరిగావా ఏంటి?"

"నీకెందుకమ్మా, నా వేళ్లు నావి!"

మస్త్రా తల దించుకుని అన్నం కలుపుతున్నాడు. సుదర్మి అన్నగారి మొహం చూసింది. ఈయనకి తెలుసు. ఏదో ఉంది!

మర్నాడు రిసార్టు మేనేజరు యుదనా మాట మధ్యలో, "క్లాసుకి ఇంకో మనిషి కూడా ఉంటే బాగుంటుంది కదక్కా" అన్నాడు. ఆ సాయంత్రమే వెనక గేటు దగ్గర రస్మిని యుదనాతో మాట్లాడుతూ కనిపించింది. సుదర్మిని చూసి ఇద్దరూ చప్పున నోరు మూశారు. ఇంకేం కావాలి? ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోయిన మనిషిని ఇంట్లో ఎవరుంచుకుంటారు? పోయి పోయి సొంత వదినే తన కంచంలో చెయ్యి పెడుతోంది.

రిసార్టు వంటింట్లో రూపెత్ అవ్వ పని చేసేది. ఒకరోజు క్లాసుకి ముందు పూలబుట్ట కోసం సుదర్మి అవ్వ గదిలోకి వెళ్లింది. మూలన అరటాకు కప్పిన పళ్లెం. ఆకు ఎత్తి చూసింది. కొబ్బరాకు బుట్టలు, చిన్న తట్టలు. ఒక్కటీ గుండ్రంగా లేదు. కుట్లన్నీ వంకర. ఆ వంకర ఎవరిదో సుదర్మికి ఒకరు చెప్పాలా? ఓహో, యుదనాకి చూపించి ఉద్యోగం కొట్టేయడానికి మచ్చులన్నమాట!

ఒళ్లు మండిపోయింది. పళ్లెం మొత్తం ఎత్తుకుని మండపంలోకి వచ్చేసింది.

"ఇవాళ ముందు, ఎలా చెయ్యకూడదో చూపిస్తా" అంది అతిథులతో. "ఇదిగో, ఈ కుట్టు చూడండి. తాగి కుట్టినట్టు లేదూ?"

అందరూ నవ్వారు. బుట్టలు చేతులు మారాయి. ఒకాయన లాగి చూస్తే ఒకటి ఊడిపోయింది. ఒక పడుచు పిల్ల చిన్న తట్టని నెత్తిన టోపీలా పెట్టుకుని ఫోటో దిగింది. మనిషి నెత్తికెక్కింది ఇక దేవుడి ముందుకెలా వెళ్తుంది? అయినా సుదర్మి కూడా నవ్వింది. నవ్వుతూ తలెత్తేసరికి మండపం మెట్ల దగ్గర రస్మిని. చేతిలో బంతిపూల మూట. ఆ పిల్ల నెత్తికేసి, తరవాత సుదర్మికేసి చూసింది. పూలమూట మెట్టు మీద పెట్టేసి వెళ్లిపోయింది.

రూపెత్ అవ్వ రొప్పుతూ వచ్చింది. "ఎంత పని చేశావే తల్లీ! అవి నీవే!"

"నావేంటి?"

"నిన్ను పెద్దలకు విన్నవించే పెజాతి బుట్టలవి. ఎల్లుండి మంచిరోజు. నెలరోజులుగా నా గదిలో కూర్చుని నేర్చుకుంది ఆ పిచ్చిది. ఆ పూటకి నీకు సెలవిమ్మని యుదనాని కూడా బతిమాలుకుంది. అతను ఇంకో మనిషి అన్నది ఆ పూట క్లాసుకే."

క్లాసు ఎలా ముగించిందో, ఇంటికి ఎలా చేరిందో సుదర్మికే తెలియదు.

రస్మిని పొయ్యి ముందు కూర్చుని ఉంది. వెనక్కి తిరగలేదు.

"నాకోసమని ఒక్కమాట చెప్పొచ్చుగా వదినా!"

"చెబితే ఏమంటావు? మీ దయ నాకొద్దంటావు."

"పోనీ బజార్లో కొనొచ్చుగా. ఊరంతా కొనడం లేదూ?"

రస్మిని ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగ వల్ల మాత్రం కాదు. "ఈ ఇంటి కోడల్ని నేను. నిన్ను లోపలికి పిలవాల్సింది నేను. ఆ పిలుపు కూడా బజార్లో కొనమంటావా? ముక్కూమొహం తెలీని వాళ్లకి చెయ్యి పట్టుకుని నేర్పుతావు. ఇన్నేళ్లలో నాకు ఒక్క కుట్టు నేర్పావా సుదర్మీ? అవ్వ కాళ్లు పట్టుకుని నేర్చుకుంటే, పదిమందిలో నవ్వించావు."

సుదర్మి సిగ్గుతో చచ్చిపోయింది. నేర్పితే నువ్వు నన్ను వెళ్లగొడతావనుకున్నా అని చెప్పడానికి నోరు రాలేదు. తిన్నగా తోటలోకి వెళ్లి, మస్త్రా చేత లేత కొబ్బరాకు దింపించి తెచ్చి, రస్మిని ముందు పరిచింది. కత్తి వదిన చేతిలోనే పెట్టింది.

"ఇంకా రేపంతా ఉంది. నువ్వు కుట్టు. నేను చెబుతా."

రస్మిని ఆకు తీసుకుంది. కుట్టు మళ్లీ వంకరే. సుదర్మి చెయ్యి ఊరుకోలేక ముందుకెళ్లింది, మళ్లీ వెనక్కొచ్చి ఒళ్లో ముడుచుకుంది.

"పుల్ల కొంచెం వాల్చి గుచ్చు వదినా. ఆఁ, అంతే."

మంచిరోజు పొద్దున్నే పూజారి వచ్చి లోపల అన్నీ సర్దించాడు. గుడి వాకిట్లో సుదర్మి మీద మంత్రజలం చల్లి లోపలికి వెళ్లి కూర్చున్నాడు. మిగిలిన తట్టలు మోసుకొచ్చిన సుదర్మి వాకిలి దగ్గర అలవాటు చొప్పున ఆగిపోయి, చేతులు చాచి వదినకి అందించబోయింది.

రస్మిని అందుకోలేదు. కావాలనే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నా చేతులు ఖాళీ లేవు. నువ్వే పట్టుకుని రా" అంది.

సుదర్మి కళ్లనీళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు. అలాగే గడప దాటింది.