వరండాలో పొయ్యి

మొన్న మా మనవరాలు ఫోన్ చేసి, ఆసుపత్రుల నిర్వహణ కోర్సులో తమకు పాఠాలు చెప్పరనీ, ఒక సమస్య ఇచ్చి మీరే తేల్చుకోండి అంటారనీ, ఇదంతా కొత్త పద్ధతనీ చెప్పింది. నవ్వొచ్చింది. ఎనభైల్లో, పినపాక అవతల అడవిలో చిన్న ఆరోగ్య కేంద్రానికి నేను మేనేజరుగా ఉన్నప్పుడే ఖమ్మంలో మాకు ఆ పద్ధతిలోనే శిక్షణ ఇచ్చారు. పిల్లల చదువుల కోసం మా ఆవిడ బోనకల్‌లో ఉండేది. నేను కేంద్రం వెనక క్వార్టర్‌లో, కిరోసిన్ స్టవ్వుతో. సాయంత్రమైతే నర్సమ్మ కూడా వెళ్లిపోయేది. రేడియోలో వార్తలు చదివేవాడికి జవాబులు చెప్పే స్థితికి వచ్చాను. శిక్షణ అనగానే పరుగెత్తింది నేర్చుకోవడానికి కాదు, నలుగురి మధ్య కూర్చుని అన్నం తినడానికి.

అక్కడ శిక్షణ నడిపే డాక్టరమ్మది వింత నియమం. తన కేంద్రంలోని సమస్య చెప్పినవాడు ఇక నోరు మెదపకూడదు, మిగతావాళ్లే ప్రశ్నలు వేసుకోవాలి. నా సమస్య వాగు. అది పొంగితే అవతలి గూడెం గర్భిణులు రాలేరు, ముందే వచ్చి ఉండమంటే రారు. కిందటేడు ఒకమ్మాయి ఒడ్డునే ప్రసవించి బిడ్డను పోగొట్టుకుంది. ఈ వానల్లో ఆమెకు మళ్లీ నెలలు నిండుతాయి. అందరూ జీపన్నారు, పడవన్నారు. అప్పటిదాకా కునుకు తీస్తున్న, ఇల్లందు నుంచి శిక్షణకొచ్చిన ఒకాయన కళ్లు తెరిచి, "అంతా మంచిగనే ఉంది గానీ, వచ్చినోళ్లు ఆడ ఏం తింటరు? ఎవలు వండుతరు?" అన్నాడు. నాకు తెలియదు. మాట్లాడకూడదన్న నియమమే ఆ పూట నా పరువు కాపాడింది.

తిరిగొచ్చి ఆ అమ్మాయి అత్తనే అడిగాను. "కానుపయ్యేదాక మా కోడలు బయటోళ్ల వంట ముట్టదు సారూ. ఆడ పొయ్యి పెట్టుకోనిస్తవా?" అంది. సర్కారు వరండాలో పొయ్యేమిటని నర్సమ్మ గొణుగుతుండగానే రాళ్లు మోసుకొచ్చి పెట్టాను. వాగు పొంగకముందే అత్తాకోడళ్లు మూటతో దిగారు. తడి కట్టెల పొగ, నాకు అర్థంకాని వాళ్ల భాషలో గలగలా మాటలు. "గిట్ల ఒక్కనివే ఏం తింటవ్, రా" అని ముసలామె నాకూ అంబలి పోసేది. వాగు రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతున్న రోజున వరండా పక్క గదిలో ఆడపిల్ల కేరుమంది. ఆ తర్వాత ప్రతి వానాకాలం ఆ పొయ్యి దగ్గర ఎవరో ఒకరు ఉండేవారు. చలికాలానికి వెళ్లిపోయేవారు, నేను మళ్లీ రేడియో పెట్టుకునేవాణ్ని.

వాగు మీద వంతెన కావాలని అందరికంటే ఎక్కువ అర్జీలు పెట్టింది నేనే. చివరికి కట్టారు. ఇక ఎవరికీ ముందే వచ్చి ఉండాల్సిన పని లేకపోయింది. సంతోషించాను, నిజంగానే. కానీ వరండాలో పొగ లేని ఆ వానాకాలం మాత్రం ఎంతకీ గడవలేదు.